మన్యం పటంలో పోడుకు ఏ రంగు వేయాలి?

విశాఖ మన్యం పటం ఏది తెరిచినా కంటికి మొదట కనిపించేది ఆకుపచ్చే. పాడేరు, చింతపల్లి, అరకు, జి.మాడుగుల పేర్లు ఆ పచ్చదనంలో మునిగిపోయి ఉంటాయి. ఆ పచ్చదనంలో అడవి ఎంత, కాఫీ తోట ఎంత, జీడిమామిడి ఎంత, నాలుగేళ్ల కిందట కొట్టి ఇప్పుడు వదిలేసిన పోడు ఎంత అన్న సంగతి మాత్రం పటం చెప్పదు. గత కొన్నేళ్లుగా ఆ ఒక్క రంగును విడదీసే పనిలోనే ఉన్నాను. ఉపగ్రహ చిత్రాల నుంచి భూ వినియోగ పటాలు గీయడం నా వృత్తి. మైదానంలో, ముఖ్యంగా గోదావరి డెల్టాలో పని నేర్చుకుని కొండెక్కినవాడిని కాబట్టి, అక్కడ నేర్చినదాంట్లో ఇక్కడ ఏది పనికివచ్చిందో, ఏది రాలేదో రాసిపెట్టుకోవాలనిపించింది.

డెల్టాలో పొలం అంటే గట్లున్న మడి. దానికి సర్వే నంబరు ఉంటుంది, కాలువ ఉంటుంది, సార్వా దాళ్వాల తేదీలు ఉంటాయి. జనవరిలో ఒక చిత్రం, సెప్టెంబరులో ఒక చిత్రం తీసుకుంటే ఏ మడిలో ఏముందో కార్యాలయంలో కూర్చునే చాలావరకు చెప్పవచ్చు. తూర్పు కనుమల్లో ఆ ధైర్యం చెల్లదు. ఇక్కడ ఒక కుటుంబం సాగు ఒక్కచోట ఉండదు. ఊరి కింద గెడ్డ (కొండవాగు) వెంబడి మెట్లుమెట్లుగా కట్టుకున్న వరి మళ్లు పల్లం. ఇళ్ల చుట్టూ, కొండ పాదాల దగ్గర కాస్త చదునుగా ఉండే మెట్ట నేల గరువు. ఆపైన వాలు మీద చెట్లు కొట్టి, కాల్చి, విత్తే నేల కొండపోడు. ఇవి మూడు వేర్వేరు పొలాలు కావు, ఒకే కుటుంబపు సేద్యంలో మూడు అంతస్తులు. పల్లంలో నాట్లు పడే రోజుల్లోనే పోడులో కలుపు తీయాలి, పల్లం గింజ చాలని ఏడాది పోడు చోళ్లు (రాగులు) ఆదుకోవాలి. సరిహద్దు దాటి కొరాపుట్ వైపు వెళితే దేశియా ఒడియాలో ఇవే అంతస్తులకు డొంగర్, పొదర్, బెడా, జోలా అని నాలుగు పేర్లున్నాయి. ఆ కొరాపుట్ సంప్రదాయ సాగునే ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వ వ్యవస్థల జాబితాలో చేర్చింది. రాష్ట్రాల సరిహద్దు కొండలకు తెలియదు కనుక, అక్కడి వ్యవస్థకు ఇచ్చిన గౌరవం సగం మన మన్యానికీ చెందుతుందని నా లెక్క.

పటం తయారుచేసేవాళ్లు రెండు మాటలను తరచూ కలిపేస్తారు. నేల మీద ఏం పరుచుకుని ఉందన్నది భూ ఆచ్ఛాదన. ఆ నేలతో మనుషులు ఏం చేస్తున్నారన్నది భూ వినియోగం. ఉపగ్రహానికి కనిపించేది మొదటిది మాత్రమే, రెండోది మనిషిని అడిగితే గాని తెలియదు. డెల్టాలో ఈ రెండూ దాదాపు ఒకటే కాబట్టి తేడా తెలియకుండానే బతికేయవచ్చు. మన్యంలో ఆ తేడాయే మొత్తం కథ.

మొదటి ఏడు నేను చేసిన తప్పు ఇదే. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 తీసిన మార్చి నెల చిత్రాలు తీసుకుని, పచ్చగా దట్టంగా ఉన్నదంతా అడవి, పలుచగా ఉన్నది పొదల అడవి, ఎర్రగా కనిపించింది ఖాళీ నేల అని మూడు ముక్కల్లో తేల్చేసి, పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకుని, పాడేరుకూ జి.మాడుగులకూ మధ్య ఉన్న ఒక గూడేనికి తీసుకువెళ్లాను. ఒక ఇంటి అరుగు మీద దాన్ని పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టాం. అందరికంటే పెద్దాయన వచ్చి కూర్చుని, ఏమీ అనకుండా ముందుగా రాళ్లు తీయించి, కాగితాన్ని సగం చుట్టు తిప్పించారు. కాగితం మీది గెడ్డ, ఊరి పక్కన పారుతున్న గెడ్డ ఒకే దిక్కుకు పారేదాకా తిప్పించి, అప్పుడు మళ్లీ రాళ్లు పెట్టమన్నారు. ఉత్తరం పైన ఉండాలన్నది మా నియమం, నీళ్లు పారే దిక్కు ముందుండాలన్నది ఆయన నియమం. తర్వాత ముదురాకుపచ్చగా ఉన్న ఒక మచ్చ మీద వేలు పెట్టి అడిగారు.

"ఇదేటి బాబూ?"

"అడవి తాతా."

"అడివేటి? మా పెద్దోడి కాఫీ తోట. మొన్నే గింజ దింపినాం."

ఆయన వెంట వెళ్లి చూస్తే, పటంలో నేను అడవి అని రాసుకున్నచోట సిల్వర్ ఓక్ చెట్ల కింద, వాటికి అల్లుకున్న మిరియపు తీగల నడుమ కాఫీ మొక్కలు భుజాల ఎత్తున ఉన్నాయి. తర్వాతి రోజుల్లో తిరిగిన చాలా చోట్ల ఇదే జరిగింది. పొదల అడవి అని రాసుకున్నవాటిలో అనేకం మూడేళ్లో నాలుగేళ్లో కిందట వదిలేసిన పోడు చెక్కలు. ఖాళీ నేల అని రాసుకున్నది ఆ ఏడు కొట్టి ఎండబెట్టిన పోడు. పటం అబద్ధం చెప్పలేదు, అక్కడ చెట్లున్నాయి, పొదలున్నాయి, ఎర్రమట్టి ఉంది. ఆ చెట్లు ఎవరివన్న ప్రశ్న నేనే వేసుకోలేదు.

ఇది నా ఒక్కడి తప్పే అయితే ఇంత రాయనవసరం లేదు. దేశమంతటా అడవి లెక్కకు ఆధారమైన నిర్వచనంలోనే ఈ చిక్కు ఉంది. భారత అటవీ సర్వే సంస్థ రెండేళ్లకోసారి ఇచ్చే నివేదికలో, 1 హెక్టారుకు తగ్గకుండా ఉండి, కొమ్మల గొడుగు 10 శాతానికి తగ్గకుండా నేలను కప్పే ప్రతి చోటూ అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది అన్న పట్టింపు అందులో లేదు. దేశం మొత్తానికి ఒకే కొలబద్ద కావాలంటే అలాంటి నిర్వచనం అవసరమేనని ఒప్పుకుంటాను. అయితే దాని ప్రకారం మన్యంలో పోడు చెక్కలో సిల్వర్ ఓక్ నాటిన గిరిజన రైతు కొన్నేళ్లకు తనకు తెలియకుండానే అడవిని పెంచినవాడవుతాడు, చెట్లు అమ్ముకోవడానికి నరికినరోజు అడవిని తగ్గించినవాడవుతాడు. రంపచోడవరం వైపు తక్కువ ఎత్తు కొండల మీద పాత పోడు నేలల్లో వేసిన జీడిమామిడికీ ఇదే వర్తిస్తుంది. గొడుగు కలిసిన జీడిమామిడి తోట పైనుంచి చూస్తే పలచటి అడవిలాగే ఉంటుంది.

కాఫీని అడవి నుంచి విడదీయడానికి ఒక దారి దొరికింది. ఈ కొండల్లో అడవి చాలావరకు ఆకురాల్చే రకం. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా చెట్లు మోడులై ఉంటాయి. సిల్వర్ ఓక్, పనస, మామిడి, వాటి కింది కాఫీ అప్పుడూ పచ్చగానే ఉంటాయి. కాబట్టి నవంబరులోనూ మార్చిలోనూ ఒకే పచ్చదనం చూపించిన పిక్సెళ్లను, అంటే చిత్రంలోని చుక్కలను, పక్కకు తీస్తే, వాటిలో కాఫీ తోటలు దొరుకుతాయి. లోయల్లో గెడ్డల వెంట ఏడాది పొడుగునా పచ్చగా ఉండే అసలైన అడవీ ఆ సంచిలోనే పడుతుంది కాబట్టి, చివరి తీర్పు మళ్లీ కాలినడకదే. నీడ ఇంకో మోసం చేస్తుంది. ఈ ఉపగ్రహాలు మన మీదుగా ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళతాయి. శీతకాలంలో ఆ వేళకు సూర్యుడు ఆగ్నేయాన తక్కువ ఎత్తులో ఉంటాడు కనుక, వాయవ్యం వైపు వాలు పూర్తిగా నీడలో ఉండి, చిక్కటి అడవిగానో చెరువుగానో కంప్యూటరుకు తోస్తుంది. నిటారు కొండకు అవతలి వైపు చెరువు ఉందని చెప్పిన నా మొదటి పటాన్ని చూసి ఆ గూడెం పిల్లలు చాలాసేపు నవ్వుకున్నారు.

ఇక కొలతల సంగతి. భారత సర్వే విభాగం టోపోషీట్లూ (ఎత్తుపల్లాలు చూపే పటాలు), హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం తయారుచేసిన భూ వినియోగ పటాలూ మనకు ఎక్కువగా దొరికేది 1:50,000 స్కేలులో. ఆ స్కేలులో కాగితం మీద మూడు మిల్లీమీటర్ల చదరం కన్నా చిన్న మచ్చను సాధారణంగా విడిగా గీయరు. నేల మీద అది 150 మీటర్ల చదరం, అంటే 2.25 హెక్టార్లు, మన లెక్కలో ఐదున్నర ఎకరాల పైమాట. ఒక కుటుంబం ఒక ఏడు కొట్టే పోడు చెక్క ఎకరమో రెండెకరాలో ఉంటుంది. పొరుగు కుటుంబాలు పక్కపక్కనే కొట్టుకుంటే తప్ప అది ఆ పటంలో పుట్టనే పుట్టదు. ఉపగ్రహం కంటి చూపు లెక్కా ఇలాంటిదే. 56 మీటర్ల పిక్సెల్ ఉండే మన దేశపు ఉపగ్రహ కెమెరా ఏవైఫ్స్ చిత్రంలో ఎకరానికి ఒకటింపావు చుక్క. 30 మీటర్ల అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్‌లో నాలుగున్నర చుక్కలు. 10 మీటర్ల సెంటినెల్‌లో నలభై చుక్కలు. నలభై చుక్కలుంటే చెక్క ఆకారం తెలుస్తుంది, నాలుగుంటే ఏదో ఉందని తెలుస్తుంది, ఒకటుంటే పక్క అడవి రంగులో కలిసిపోతుంది. సెంటినెల్-2 మొదటి ఉపగ్రహం ఎగిరింది 2015లో. అంతకు ముందరి పోడు చరిత్ర కావాలంటే ఆ నాలుగు చుక్కలతోనే సరిపెట్టుకోవాలి. అందులోనూ 2003 మే 31న ల్యాండ్‌శాట్-7 పరికరంలో ఒక భాగం పాడైపోవడంతో, దాని తర్వాతి చిత్రాలన్నీ నల్లటి చారలతో ఉన్నాయి. సరిగ్గా మనకు కావలసిన వాలు మీదే ఆ చార పడుతుందన్నది నా అనుభవం.

వాలు నేల విస్తీర్ణం మరో తగాదా. ఒక రైతు తాడుతో తన పోడు చెక్కను చుట్టూ కొలుచుకుని ఎకరం అన్నాడు. జీపీఎస్ పట్టుకుని అదే చుట్టు నడిస్తే 87 సెంట్లు వచ్చింది. ఇద్దరిదీ తప్పు కాదు. అతని తాడు వాలు వెంబడి పాకుతుంది, పటం నేలను పైనుంచి చదునుగా చూస్తుంది. 30 డిగ్రీల వాలులో ఆ తేడా నూటికి పదమూడు పైచిలుకు ఉంటుందన్నది బడిలో చదువుకున్న త్రికోణమితే. కానీ చేతికి వచ్చే కాగితంలో తన నేల తగ్గిపోయిందని చూసిన రైతుకు త్రికోణమితి చెప్పి ఒప్పించడం ఎవరి తరం? చివరికి ఆ ఊళ్లో ఇద్దరికీ పడే కొలత ఒకటి దొరికింది. అక్కడివాళ్లు నేలను ఎకరాల్లో కాక విత్తనంలో చెప్పుకుంటారు. ఇన్ని కుంచాల చోళ్లు పట్టే నేల, ఇన్ని అడ్డల సామలు పట్టే నేల అంటారు. పటం వెనుక పట్టికలో ఎకరాల పక్కన విత్తనం కొలత కూడా ఒక గడిలో రాశాం. ఆ గడి వచ్చాక విస్తీర్ణం మీద వాదన సగం తగ్గింది.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. పోడు ఒక చోటు కాదు, ఒక తిరుగుడు. మాఘం ప్రాంతంలో చెట్లూ పొదలూ కొడతారు. ఎండలు ముదిరాక, తొలకరికి ముందు కాలుస్తారు. బూడిద చల్లారి వాన పడగానే చోడి, సామ, కొర్ర, కంది, జొన్న, బొబ్బర్లు, చిక్కుడు, గుమ్మడి కలగలిపి వేస్తారు. రెండో ఏడో మూడో ఏడో సత్తువ తగ్గాక వలిసెలో ఉలవలో చల్లి, ఆ తర్వాత నేలను వదిలేస్తారు. కొన్నేళ్లు అది తనంతట తాను పొద, ఆపైన చెట్టు అవుతుంది. ఈలోగా కుటుంబం మరో చెక్కకు వెళుతుంది, అక్కడి నుంచి ఇంకో చెక్కకు, చివరికి మొదటిదానికి తిరిగి వస్తుంది. ఐదారు చెక్కలున్న కుటుంబానికి ఏ ఏడాది తీసుకున్నా తెరిచి ఉండేది ఒకటో రెండో. మిగతావి పొదలు. ఆ పొదలు వదిలేసిన భూమి కాదు, విశ్రాంతి తీసుకుంటున్న పొలం. ఒకే తేదీ చిత్రం మీద గీసిన పటంలో ఆ కుటుంబం భూమిలో ఎక్కువ భాగం అడవి ఖాతాలో పడుతుంది.

అటవీ హక్కుల చట్టానికి ఇది ఎలా తగులుతుందో చూడండి. 2006 చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు, హక్కు అడగవచ్చు. డిసెంబరు మధ్య నాటికి మన్యంలో చోడి, సామ కోత అయిపోయి ఉంటుంది. ఆనాటి ఉపగ్రహ చిత్రం తీసి చూస్తే సాగు చెక్క మోళ్లతో ఎండిన గడ్డిలా ఉంటుంది, విశ్రాంతిలో ఉన్న చెక్కలు పొదల అడవిలా ఉంటాయి. ఒక చిత్రం, ఒక తేదీ, ఒక తీర్పు అంటే గిరిజనుడికి దక్కేది ఐదింటిలో ఒకటి. ఈ ప్రమాదం తెలిసే కావచ్చు, 2012లో సవరించిన నిబంధనల్లో ఉపగ్రహ చిత్రం వంటి సాంకేతికత ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండాలే తప్ప వాటి స్థానంలోకి రాకూడదని స్పష్టంగా రాశారు. హక్కు అడుగుతున్నవారు కాక ఇతర పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా ఆ నిబంధనల్లో సాక్ష్యమే. అయినా గ్రామసభ తీర్మానం కన్నా రంగుల పటం ముద్రకు విలువెక్కువ ఇచ్చే కార్యాలయాలను నేను చూశాను. అలాంటి ఒకచోట నేను గీసిన పటమే ఒకరి దరఖాస్తుకు అడ్డుపడిందని తర్వాత తెలిసింది. అందులో పొదల అడవి అని రాసింది నేనే. ఆ మాటను సరిదిద్దించడానికి మూడుసార్లు తిరగవలసివచ్చింది.

తిరస్కరించిన దరఖాస్తుదారులను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 13న ఆదేశమిచ్చి, అదే నెల 28న దాన్ని నిలిపివేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రెండు వారాల్లో మన్యంలో అందరూ అడిగింది ఒక్కటే, మా భూమి పటంలో ఏమని ఉందని. తెలంగాణలో 2023 జూన్ 30న దాదాపు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ మొదలైనప్పుడూ అంతకుముందు సర్వేల్లో జరిగిన వాదన ఇదే. ఆదిలాబాదు, ఖమ్మం రైతు పోడు అని చెప్పిన నేల ఉపగ్రహానికి ఏ ఏడు కనిపించింది, ఏ ఏడు కనిపించలేదు?

ఇది కొత్త తగాదా ఏమీ కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం కింద కొండలను రిజర్వు చేసి గీతలు గీసినప్పుడు, పోడు తిరుగుడుకు ఆ గీతల్లో చోటు లేకపోయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలైన రంప పితూరీకి ఉన్న కారణాల్లో, చింతపల్లి లంబసింగి దారి పనుల్లో చేయించిన చాకిరీతో పాటు, పోడు మీద ఆంక్షలూ ముఖ్యమైనవే. ఆ రోజుల్లో రిజర్వు గీత గొలుసుతో, దిక్సూచితో గీశారు. ఇప్పుడు పిక్సెళ్లతో గీస్తున్నాం.

మరి తిరుగుడును పటంలో ఎలా పెట్టాలి? నేను చేరిన పద్ధతి ఇది. ఒక్క చిత్రం కాకుండా, దొరికినన్ని ఏళ్ల ఎండాకాలపు చిత్రాలు వరుసగా పెట్టి, ప్రతి పిక్సెల్‌లో పచ్చదనం ఏ ఏడు ఒక్కసారిగా పడిపోయిందో చూస్తాను. కొట్టి కాల్చిన చెక్క ఏప్రిల్, మే నెలల్లో నల్లటి మచ్చగా కనిపిస్తుంది, వానలు పడ్డాక ఆ మచ్చ మాయమవుతుంది. కాబట్టి నాకున్న కిటికీ ఆరేడు వారాలే. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు వీడదు, ఆ నెలలకు మబ్బును దాటి చూసే సెంటినెల్-1 రాడార్ కొంత సాయం చేస్తుంది కానీ నిటారు వాలులో దాని చూపూ వంకరే. రోజూ వచ్చే మంటల చుక్కల సమాచారం మీద నాకు నమ్మకం తక్కువ. 375 మీటర్ల పిక్సెల్‌లో ఎక్కడో మంట ఉందని అది చెప్పగలదు. అది పోడు మంటో, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చిన మంటో చెప్పలేదు. మార్చి నెల చుక్కలన్నీ కలిపి పోడు మంటలని రాసే వార్తలను చూసినప్పుడల్లా, ఆ రాసినవారిని ఇప్పచెట్టు కిందికి ఒకసారి తీసుకెళ్లాలనిపిస్తుంది.

పచ్చదనం పడిపోయిన ఏడు తెలిస్తే చెక్క వయసు తెలుస్తుంది. రెండుసార్లు పడిపోతే ఆ మధ్య ఎన్నేళ్లు విశ్రాంతి ఇచ్చారో తెలుస్తుంది. ఈ వయసుల పటాన్నే మళ్లీ ఆ గూడెం అరుగు మీద పరిచాం, ఈసారి గెడ్డ దిక్కుకే. అక్కడివాళ్లకు ఏళ్ల అంకెలతో పని లేదు. పెద్ద గాలివాన ముందు కొట్టింది, గాలివాన తర్వాత ఏడు కొట్టింది, మా చిన్నమ్మాయి పుట్టినప్పుడు కొట్టింది అని చెప్పారు. పెద్ద గాలివాన అంటే 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్. దాన్ని మేకుగా కొట్టుకుని ఇటూ అటూ లెక్కపెడితే, వాళ్లు చెప్పిన వరుసకూ చిత్రాలు చూపిన వరుసకూ ఎక్కువచోట్ల పొంతన కుదిరింది. కుదరనివి ఎక్కువగా కాఫీ తోటలే. హుద్‌హుద్ గాలికి సిల్వర్ ఓక్ చెట్లు కూలి, నీడ పోయి, కాఫీ మాడిపోయిన తోటలను నా లెక్క అడవి నరికి కొట్టిన పోడు అనుకుంది. అది చూసి ఒకామె, "గాలి కొట్టింది గాని మేం కొట్టలేదు బాబూ" అంది. ఆ పిక్సెళ్లన్నింటికీ విడిగా ఒక గుర్తు పెట్టాను.

పంటలు చెప్పేటప్పుడు మగవాళ్లు చోడి, సామ, పసుపు, కాఫీ అని నాలుగు మాటల్లో ముగించారు. అదే చెక్క గురించి ఆడవాళ్లతో కూర్చున్నప్పుడు జాబితా పేజీ దాటింది. గట్టు మీది ఆముదం, పాక చుట్టూ గోగు, కంది సాళ్ల మధ్య చిక్కుడు, వదిలేసిన చెక్కలో తవ్వుకునే దుంపలు, కొండచీపురు గడ్డి, అంచున అడ్డాకు తీగలు. వదిలేసిన పోడు ఏమీ ఇవ్వదని నేను పట్టికలో సున్నా వేసుకున్న గడులు ఇవి. కొండచీపుర్లు అమ్మితే సంతలో వచ్చే డబ్బు వాళ్ల చేతికే వస్తుంది గనుక వాళ్లకది గుర్తుంది. అందుకే ఇప్పుడు వదిలిన పోడును ఒకే వర్గంగా కాక రెండుగా రాస్తున్నాను. చీపురూ దుంపలూ దొరికే కుర్ర పొద ఒకటి, కలపా విస్తరాకూ దొరికే ముదురు పొద రెండోది.

ఈ వరుసలు చూస్తే విశ్రాంతి ఏళ్లు తగ్గుతూ వస్తున్నాయని ఎవరికైనా తెలుస్తుంది. జనం పెరగడం ఒక కారణం. నాకు తోచే మరో కారణం పటాలే. చెక్కను పొదగా వదిలితే అది అడవి లెక్కలోకి పోతుందన్న భయం ఉన్నప్పుడు, రైతు దాన్ని వదలడు. ఏటా ఏదో ఒకటి చల్లుతూ తెరిచే ఉంచుతాడు, లేదా చెట్టు తోట నాటేస్తాడు. కాఫీకి మంచి ధర రావడం, 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కడం, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ మొక్కలివ్వడం అన్నీ దీనికి తోడయ్యాయి. కాఫీ మంచి పంటే, వాలు నేలను మట్టి కోత నుంచి కాస్త కాపాడుతుంది కూడా. కానీ పోడు పూర్తిగా కాఫీ అయిన ఇళ్లలో చోడి అంబలి సంత కొనుగోలైపోయింది. ఇది మంచో చెడో చెప్పడం నా పని కాదు గాని, పోడు తగ్గి అడవి పెరిగిందని పటం చూసి సంతోషించేవారు ఆ ఇంటి గాదె కూడా చూడాలని అంటాను.

ఇప్పుడు మేము వాడుతున్న పటం సూచికలో పన్నెండు వర్గాలున్నాయి. పల్లం, గరువు, ఈ ఏటి పోడు, కుర్ర పొద, ముదురు పొద, నీడ కాఫీ, గాలికి పోయిన కాఫీ, జీడిమామిడి, ఊరి తోపు, అడవి, బండ, గెడ్డ. ఊరి దేవత తోపు ఎక్కడుందో పటంలో పెడతాం గాని, దాని సరిహద్దు గీయవద్దని ఊరివాళ్లు అన్నారు కాబట్టి గీయలేదు. పటం ఒక ప్రతి గూడెంలోనే ఉంటుంది, గెడ్డ దిక్కు పైకి ఉండేలా అచ్చువేసిన ప్రతి.

గెడ్డకు అవతలి వాలు ఒకటి ఇంకా తేలలేదు. చిత్రాల్లో అది రెండుసార్లు కాలింది, మధ్యలో తొమ్మిదేళ్ల పొద. మొదటిసారి కొట్టింది మేమని ఈ గూడెంవాళ్లు, రెండోసారి కొట్టింది మేమని పక్క గూడెంవాళ్లు అంటున్నారు. రెండూ నిజమే కావచ్చు. కొర్ర కొత్త పండుగ అయ్యాక రెండు ఊళ్ల పెద్దలూ కూర్చుంటామన్నారు. అప్పటిదాకా ఆ వాలు మీద ఏ రంగూ వేయకుండా, రెండు దిక్కుల నుంచీ ఏటవాలు గీతలు మాత్రం గీసి ఉంచాను.